పైకప్పుకి ఆనించిన ఫోన్

జూన్ 3, సోమవారం

ఈ రోజు తన చప్పుడు విన్నాను.

భోజనాలయ్యాక, ఆఫీసు మొత్తం ఆవలిస్తున్న వేళ వచ్చిందా కాల్. "నగర శబ్ద ఫిర్యాదుల విభాగం, ఆరో సీటు, చెప్పండి" అన్నాను రోజూ అనే గొంతుతోనే. అవతల ఒక పెద్దాయన. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారట. పై వాటాలో అద్దెకున్నవాడు పొద్దస్తమానం రేకు కొడుతున్నాడట, కొట్టడం ఆపితే ఊదుతున్నాడట.

"ఏం ఊదుతున్నారండీ?"

"ఏమో తల్లీ. ఏనుగుకి జలుబు చేసినట్టుంటుంది."

నవ్వు ఆపుకుని అడ్రస్ అడిగాను. వీధి పేరు వినగానే వేళ్ళు ఆగిపోయాయి. ఇంటి నంబరు కూడా చెప్పాక ఇక అనుమానం లేదు. మా ఆయన గది తీసుకున్న ఇల్లు అదే. నేనెప్పుడూ వెళ్ళలేదు గానీ అడ్రస్ మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది. వెళ్ళేటప్పుడు తనే అంటించాడు.

మా పద్ధతి ప్రకారం, ఫోన్‌ని చప్పుడు వచ్చే వైపు పెట్టమని అడగాలి. ఒక నిమిషం విని, వినిపించిందో లేదో రాసుకోవాలి. ఆయన స్టూలెక్కి ఫోన్‌ని పైకప్పుకి ఆనించారు. ఎక్కుతూ "అమ్మా, నా మోకాళ్ళూ" అన్నది కూడా నాకు వినిపించింది.

టక్ టక్. కాస్త ఆగి, ఇంకొంచెం గట్టిగా టక్. సొట్ట తీసేటప్పుడు తను చెక్క సుత్తితో అలాగే కొడతాడు. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా. తర్వాత ట్రంపెట్‌లో ఒకే ఒక్క స్వరం, పొడుగ్గా. చివర్లో అది వణికింది. వణికిందంటే ఎక్కడో గాలి పోతోందన్నమాట. మళ్ళీ సుత్తి. బ్యాండువాళ్ళ వాయిద్యాలు బాగుచేయడం తన పని. ఊళ్ళో సొట్టలుపడ్డ బూరలన్నీ ఒకప్పుడు మా ఇంటికే వచ్చేవి.

"ఇంకా పట్టుకోవాలా తల్లీ, చెయ్యి లాగేస్తోంది" అని డ్రైవరు గారు అనేదాకా నాకు నిమిషం దాటిందని తెలియలేదు.

"ఇంట్లో చేసుకునే పనికి పగటిపూట అనుమతి ఉంటుంది కదండీ. మీ గది తలుపులూ కిటికీలూ వేసి ఉన్నప్పుడు కూడా పరిమితి దాటి వినిపిస్తేనే తప్పు" అని రూలు చెప్పి, 'సలహా ఇచ్చాం' అని కాల్ మూసేశాను. ఫిర్యాదుగా రాయలేదు. సలహాగా రాస్తే ఎవరికీ ఏమీ కాదు.

జూన్ 4, మంగళవారం

పాలు పొంగిపోయాయి. స్టవ్ పక్కనే నిలబడి ఉన్నాను.

జూన్ 6, గురువారం

అక్క ఫోన్ చేసింది. కుశలప్రశ్నలు కూడా లేకుండా నేరుగా "మీరిద్దరూ విడిపోయినట్టా, లేనట్టా? అడిగేవాళ్ళకి నేనేం చెప్పుకోవాలి?" అంది.

"పనికోసం గది తీసుకున్నాడు, అంతే" అన్నాను.

"పనికోసం తీసుకుంటే పడుకోడానికి ఇంటికి రావాలి కదే."

అక్కకి అన్నీ తొందరే. మేం విడిపోలేదు. అప్పట్లో మా కింది వాటావాళ్ళు చప్పుడని గొడవపెట్టారు. "శబ్దాల ఆఫీసులో పనిచేసేదాని ఇంట్లోనే ఈ రొద ఏమిటి" అని మెట్ల మీద నలుగురి ముందూ అన్నారు. తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర తనకి రూళ్ళు వివరంగా చెప్పాను. నివాస ప్రాంతంలో పగలు ఎంత, రాత్రి ఎంత, గోడ అవతల ఎంత. తను అంతా విన్నాడు. విని, "అయితే ఇంకో గది చూసుకుంటాలే" అన్నాడు. చూసుకున్నాడు. మొదట్లో రోజూ ఇంటికొచ్చేవాడు. తర్వాత పని ఎక్కువైందని శని ఆదివారాలకి వచ్చేవాడు. తర్వాత ఫోన్. తర్వాత "ఏదైనా ఉంటే చెప్పు." ఇందులో విడిపోవడం ఎక్కడుంది? ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

తన బల్ల ఉన్న చోట నేల మీద నాలుగు గుంటలు పడ్డాయి. తడిగుడ్డ పెట్టేటప్పుడు వాటి చుట్టూ తుడుస్తున్నాను.

జూన్ 11, మంగళవారం

డ్రైవరు గారు మళ్ళీ చేశారు. కాల్ వేరే సీటుకి వెళితే "నాకు ఆరో సీటమ్మాయే కావాలి" అని పట్టుబట్టారట.

"మిగతావాళ్ళు ఫోన్ పెట్టేసే హడావుడిలో ఉంటారు తల్లీ. నువ్వొక్కదానివే శ్రద్ధగా వింటావు."

"అది మా ఉద్యోగం కదండీ."

"అసలు నాకు ఎడం చెవి పనిచేయదు. ముప్ఫై ఏళ్ళు ఇంజను పక్కన కూర్చుంటే అది ఇంజనుకే పోయింది. ఒక్క చెవికే ఇంత వినిపిస్తుంటే, రెండూ ఉంటే నా గతేమయ్యేదో ఆలోచించు."

ఆలోచిస్తానని చెప్పి, స్టూలు కాళ్ళు కదలకుండా ఉన్నాయేమో చూసుకోమన్నాను. ఈసారి ఎక్కేటప్పుడు చేతికింద టవల్ మడిచి పెట్టుకున్నారట. ఈ రోజు చాలా మంచి చప్పుడు. ఆకురాయితో రుద్దడం, ఏదో చిన్న స్క్రూ నేలమీద దొర్లడం, తను దాని వెనక కుర్చీ జరుపుకుంటూ వెళ్ళడం. ఊదడం మాత్రం కొంచెమే. గాలి పోవడం లేదు. కిందటివారం పట్టుకున్న ట్రంపెట్ బాగైపోయినట్టుంది.

'సలహా ఇచ్చాం.'

"మళ్ళీ ఇబ్బందైతే చేయండి. సాయంత్రం పూట అయితే బాగా తెలుస్తుంది" అన్నాను. సాయంత్రాలు వీధిలో వేరే రొద ఉంటుంది కాబట్టి తేడా తెలుస్తుందని నా ఉద్దేశం.

జూన్ 14, శుక్రవారం

ఫాలో అప్ కాల్ నేనే చేశాను. ఫిర్యాదు చేసినవాళ్ళకి ఇబ్బంది తీరిందో లేదో కనుక్కోవడం మా బాధ్యత. చాలామంది చేయరు. చేయాలని రూల్లో ఉంది.

"అయ్యో, ఇప్పుడే ఆపాడు తల్లీ. ఉండు, టీ తాగుతున్నట్టున్నాడు" అన్నారు డ్రైవరు గారు. "ఆగుతావా?"

ఆగాను. ఆయన తన పాత రూట్లన్నీ చెప్పారు. ఏ మలుపు దగ్గర ఏ పెద్దమ్మ చెయ్యెత్తేదో, ఎవరు చిల్లర లేదని రోజూ అబద్ధమాడేవారో. భార్య పోయాక ఆ వాటాలో ఒంటరిగా ఉంటున్నారట. "ఇంట్లో మాట్లాడేది నేనూ, ఈ ఫోనూ" అన్నారు. పక్క సీటమ్మాయి నా వైపు రెండుసార్లు చూసింది. ఎదురుగా తెర మీద వేరే కాల్స్ ఎర్రగా మెరుస్తూనే ఉన్నాయి. అప్పుడు పైన సుత్తి మొదలైంది. నేను కళ్ళు మూసుకున్నాను.

జూన్ 15, శనివారం

ఆఫీసు లేదు. ఎంత నిశ్శబ్దమో ఇల్లు.

జూన్ 16, ఆదివారం

మెట్ల మీద కింది వాటావిడ ఎదురై "ఇప్పుడు ప్రాణానికి హాయిగా ఉందమ్మా, చాలా థాంక్స్" అంది. ఫర్వాలేదన్నాను. లోపలికొచ్చి తలుపు గట్టిగా వేశాను. ఇల్లంతా అదిరింది. ఇంకోసారి వేశాను.

జూన్ 19, బుధవారం

విచిత్రం. ఈ రోజు పాట వాయించాడు.

తను పాటలు వాయించడు. "డాక్టరు మందులు తాగి చూస్తాడా? నాడి చూస్తాడు, పంపిస్తాడు" అనేవాడు. ఏ వాయిద్యం బాగుచేసినా రెండు స్వరాలు ఊది సంచిలో పెట్టేస్తాడు. కాపురం పెట్టిన కొత్తలో మాత్రం ఒక సాయంత్రం, కరెంటు లేనప్పుడు, ఎవరిదో ట్రంపెట్ తీసుకుని ఒక పాట మొత్తం వాయించాడు. మధ్యలో తప్పాడు. తప్పిన చోటే నవ్వి మళ్ళీ మొదలుపెట్టాడు.

ఈ రోజు డ్రైవరు గారు ఫోన్ ఆనించగానే అదే పాట వచ్చింది. అదే చోట తప్పాడు. అప్పట్లాగే ఆగి మళ్ళీ అందుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. హెడ్‌ఫోన్స్ తీసి, జలుబు చేసిందని పక్కసీటమ్మాయికి చెప్పి, ముక్కు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాను.

ఎవరో బ్యాండతను వాయించి చూపించమని అడిగి ఉంటాడు. డబ్బులిచ్చేవాళ్ళు అడిగితే కాదనలేరు కదా.

'సలహా ఇచ్చాం.'

జూన్ 20, గురువారం

ఫాలో అప్.

జూన్ 21, శుక్రవారం

ఫాలో అప్. ఈ రోజు ఏమీ వినిపించలేదు, దగ్గు తప్ప. ఆ దగ్గు తనదే. వర్షంలో తడిసి ఉంటాడు. గొడుగు ఇక్కడే ఉంది, తలుపు వెనక.

జూన్ 24, సోమవారం

ఒక మాట కూడా వినిపించింది. "ఏంటమ్మా, పలకవా?" అన్నాడు. ఎంత స్పష్టంగా వచ్చిందంటే "పలుకుతున్నాను" అనబోయాను. మొండికేసిన వాయిద్యాన్ని బతిమాలుతున్నాడని తర్వాత తట్టింది. వాటితో అలాగే మాట్లాడతాడు. నాతో ఎప్పుడూ బతిమాలినట్టు మాట్లాడలేదు. నేనూ తనతో మాట్లాడలేదనుకో.

ఫోన్ చేయొచ్చు. నంబరు ఉంది. కానీ చేసి ఏం మాట్లాడాలి? ఏ కారణం చెప్పాలి? ఆఫీసులో అయితే ఒక కారణం ఉంటుంది.

జూన్ 28, శుక్రవారం

జరిగింది రాస్తాను, రాయకపోతే నాకే అర్థం కాదు.

మధ్యాహ్నం సూపర్‌వైజర్ మేడం పిలిచి, "నీ డ్రైవరు గారి కేసు తేలిపోయిందిలే, ఇక నిన్ను విసిగించడు" అంది.

"ఏ కేసు మేడం? అవన్నీ సలహాలే కదా."

"అవే. ఈ ఏడాది నుంచి సలహా కాల్స్ కూడా లెక్కలోకి వస్తున్నాయి. ఫాలో అప్‌లు కూడా. ఒకే అడ్రస్ మీద నెలలో పది దాటితే కంప్యూటరే మీటరాయనకి పంపించేస్తుంది. మీటింగులో చెప్పానుగా. నువ్వు కిటికీ పక్కన కూర్చుని తలూపావు కూడా."

తలూపాను. ఆ కిటికీలోంచి ఏం చూస్తున్నానో కూడా గుర్తుంది. ఎదుటి మేడ మీద ఎవరిదో చొక్కా ఆరేసి ఉంది. తన చొక్కా లాంటిది.

చప్పుడు కొలిచే యంత్రం పట్టుకెళ్ళే ఇన్‌స్పెక్టరుని మేం మీటరాయన అంటాం. నిన్న వెళ్ళాడట. డ్రైవరు గారి గదిలో తలుపులు వేసి కొలిచాడట. పరిమితి దాటింది. ఎంతో కాదు, కొంచెం. కొంచెమైనా దాటినట్టే. ఇక ఆ గదిలో పని చేయకూడదని నోటీసు ఇచ్చేశారు. గొడవలున్నవాడు మాకొద్దని ఇంటి ఓనరు ఖాళీ చేయమన్నాడట. "మామూలే" అంది మేడం, ఇంకో ఫైలు తీస్తూ.

డ్రైవరు గారు చేసిన కాల్స్ నాలుగో ఐదో. మిగతావన్నీ నావి, ఇందులో రాసుకోనివాటితో కలిపి. ఊళ్ళో అందరికీ రూళ్ళు చెప్పేదాన్ని, నా చేత్తో నేనే తన గది పీకేయించాను. వినాలని. ఇంకొంచెంసేపు వినాలని, అంతే.

జూన్ 29, శనివారం

వెళ్ళాను.

తలుపు కొడితే కింది వాటాలోంచి ఒక బక్కపల్చని పెద్దాయన తొంగిచూసి "ఎవరు కావాలమ్మా?" అన్నారు. "పై వాటా ఆయన ఉన్నారా అండీ?" అన్నానో లేదో, "ఆరో సీటు!" అని కేకేశారు. ఆ కేక కూడా పరిమితి దాటే ఉంటుంది. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి ముందు స్టూలు చూపించారు, ఏదో తీర్థంలో విగ్రహం చూపించినట్టు. దానికి ఒక కాలు పొట్టి. దాని మీద ఎక్కాడా ఈ మనిషి, నా కోసం!

"మీరు పడితే ఏమయ్యేదండీ?" అన్నాను.

"నేను పడతానని మీ ఆయన కూడా తిట్టేవాడు."

మా ఆయన అని నేను చెప్పలేదు. ఆయన మొహం చూశాను. పెద్దాయన కాస్త సిగ్గుపడి మొత్తం చెప్పేశారు.

మొదటిసారి ఫోన్ చేసిన మర్నాడు మెట్ల మీద తను కనిపిస్తే, మనసులో ఎందుకు పెట్టుకోవాలని నేరుగా చెప్పేశారట. "నీ మీద ఫిర్యాదు చేశానయ్యా. ఆ ఆరో సీటమ్మాయి ఎంత ఓపిగ్గా విందనుకున్నావ్!" తను కోప్పడలేదట. "మాటకి ముందు కాస్త ఊపిరి తీసుకుంటుందా? చివర్లో 'కదండీ' అంటుందా?" అని అడిగాడట. అవునంటే, అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడట.

"అప్పట్నుంచీ తనే అడిగేవాడు తల్లీ. 'ఈ రోజు నా మీద ఫిర్యాదు చేయరా డ్రైవరు గారూ' అని. నేను స్టూలెక్కి పైకప్పు మీద తట్టాలి, అతను మొదలుపెట్టాలి. అదీ మా ఏర్పాటు. నాకేం పోయింది? ఇటు నువ్వు మాట్లాడేదానివి, అటు అతను టీ పెట్టిచ్చేవాడు. ఇల్లు ఖాళీ చేయిస్తారని నాకేం తెలుసు?" ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా నోరు పడిపోను. బాగుండేవాడు, మంచివాడు."

"మీ తప్పేం లేదండీ" అన్నాను. ఆ మాట నాకూ ఎవరైనా చెబితే బాగుండునని అనిపించింది.

పైకి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. చిన్న గది. గోడ నిండా మేకులకి బూరలు, ఒక మూల చుట్టిపెట్టిన పరుపు, బల్ల మీద విప్పిన ట్రంపెట్ ముక్కలు. తను అట్టపెట్టెకి తాడు కడుతున్నాడు. నన్ను చూసి, ఉన్న ఒక్క కుర్చీ మీదున్న పెద్ద బూర తీసి కింద పెట్టి, అరచేత్తో కుర్చీ తుడిచాడు. "కూర్చో" అన్నాడు. గడ్డంలో తెల్ల వెంట్రుకలొచ్చాయి. అవి ఎప్పుడొచ్చాయో నాకు తెలియదు.

"దగ్గు తగ్గిందా?"

"అదీ వినపడిందా?" నవ్వాడు.

"నేనని తెలిసి ఫోన్ ఎందుకు చేయలేదు?"

"నువ్వు మాత్రం చేశావా? చేస్తే, బాగున్నావా అంటావు, బాగున్నానంటాను, పెట్టేస్తావు. డ్రైవరు గారి ఫోన్లో అయితే ఎంతసేపైనా వింటావు." తాడుకి ముడి వేశాడు. "ఎల్లుండి కాదు, ఆ పై సోమవారం వ్యాన్ వస్తుంది. ఊరవతల ఫ్యాక్టరీల వైపు షెడ్డు దొరికింది. అక్కడే ఉండొచ్చట. అక్కడ ఏ రూలూ లేదట."

"రూలు లేకపోవడం కాదు. పారిశ్రామిక ప్రాంతంలో పరిమితి ఎక్కువ" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. నోరు తెరిస్తే అదే వస్తుంది.

"అలాగా" అన్నాడు.

ఊరవతల అంటే రెండు బస్సులు మారాలి. అక్కడ కింది వాటాలు ఉండవు, స్టూళ్ళు ఉండవు, ఫిర్యాదు చేసేవాళ్ళు ఉండరు. అక్కడికి వెళితే తను మళ్ళీ నా చెవిన పడడు. ఆ కంగారులో గబగబా మొదలుపెట్టాను. నోటీసు మీద అప్పీలు చేయొచ్చు, బల్ల కింద రబ్బరు పరిస్తే చప్పుడు దిగదు, మళ్ళీ కొలవమని అడిగే హక్కుంది, నేనే రాసిపెడతాను.

"రూళ్ళు చెప్పకు" అన్నాడు మెల్లగా. "ఆ రోజు కూడా అన్నం పెట్టి రూళ్ళే చెప్పావు. కిందివాళ్ళు ఏమన్నారో చెప్పావు, మీ ఆఫీసులో తెలిస్తే ఏమనుకుంటారో చెప్పావు. నేను ఉండటం నీకు కావాలో అక్కర్లేదో, అదొక్కటి చెప్పలేదు. ఎన్నాళ్ళో చూశాను, చెబుతావేమోనని."

చెప్పాలి. అక్కడే, ఆ కుర్చీలో కూర్చుని చెప్పేయాలి. తను తాడు వదిలేసి నా వైపే చూస్తున్నాడు.

"అప్పీలుకి గడువు పదిహేను రోజులుంటుంది" అన్నాను.

తను తల వంచుకుని ఇంకో అట్టపెట్టె తీసుకున్నాడు.

జూన్ 30, ఆదివారం

గడువు పదిహేను రోజులుంటుంది! నన్ను నేనే కొట్టుకోవాలి.

జూలై 2, మంగళవారం

ఎవరో అమ్మాయి ఫోన్ చేసి, పక్కింటి పసిపిల్ల ఏడుపు మీద ఫిర్యాదు చేయొచ్చా అని అడిగింది. మనుషుల మామూలు బతుకు చప్పుళ్ళు మా కిందికి రావని చెప్పాను. నడక, మాటలు, నవ్వు, ఏడుపు, వంట. ఎన్ని వందలసార్లు చదివానో ఈ వాక్యం. ఈ రోజు చెబుతుంటే మధ్యలో ఆగిపోయాను. "హలో, ఉన్నారా?" అందా అమ్మాయి.

జూలై 5, శుక్రవారం

అక్క మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. "విడిపోతున్నాం" అన్నాను. "నీకిష్టమేనా?" అంది అక్క. కాదన్నాను. "ఈ మాట నాకు చెబితే ఏం లాభమే, పిచ్చిదానా. చెప్పాల్సినవాడికి చెప్పు" అని పెట్టేసింది.

జూలై 8, సోమవారం

రేపట్నుంచి నన్ను కుక్కల కాల్స్‌కి మార్చారు. పక్కింటి కుక్క మొరుగుతోందని వచ్చే ఫిర్యాదులన్నీ ఇక నావే. ఆఫీసులో అదొక శిక్ష. క్యాంటీన్లో కూర్చుని రాస్తున్నాను. టీ చల్లారిపోయింది. సాయంత్రం దాకా ఆగితే ఏదైనా మర్చిపోతానేమోనని భయం.

పొద్దున హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న కాసేపటికే డ్రైవరు గారు. "ఆరో సీటేనా?"

"ఆ అడ్రస్ మీద కేసు మూసేశారండీ. ఇక నేను తీసుకోకూడదు."

"ఇది వేరే ఫిర్యాదు. పైన చప్పుడు లేదు. సుత్తి లేదు, ఊదుడు లేదు. మధ్యాహ్నం కునుకు కూడా పట్టడం లేదు నాకు. చప్పుడు లేనందుకు ఫిర్యాదు రాసుకుంటారా, లేదా?"

"అలాంటి రూలు లేదండీ."

"మరి ఉన్నవన్నీ దేనికి?" అని విసుక్కుని, గొంతు తగ్గించారు. "వ్యాన్ వచ్చేసింది తల్లీ. సగం సామాను ఎక్కించేశారు. అతను మెట్ల మీదే ఉన్నాడు. ఇవ్వనా?"

మా కాల్స్ అన్నీ రికార్డవుతాయి. బంధువులదైతే వెంటనే పక్క సీటుకి మార్చాలి. మేడం అప్పటికే మా వరుసలోకి వచ్చింది. ఇవేవీ నాకు తెలియనివి కావు, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

"ఇవ్వండి" అన్నాను.

అడుగులు. ఏదో ఇత్తడిది గోడకి తగిలింది. "మెల్లగా, మెల్లగా" అని ఎవరినో అన్నాడు. తర్వాత తన ఊపిరి, పైకప్పు అడ్డం లేకుండా.

"చెప్పు" అన్నాడు.

"ఇంటికి రా."

అటు తను ఏదో కింద దించిన చప్పుడు.

"నాకు నువ్వు కావాలి. నువ్వు లేని ఇల్లు నాకు అక్కర్లేదు. శనివారాలు నేను ఆ ఇంట్లో ఉండలేకపోతున్నాను. ఇది కిందివాళ్ళు అన్నది కాదు, ఆఫీసు అన్నది కాదు. నేను అంటున్నాను. నేను అడుగుతున్నాను."

గట్టిగానే అన్నట్టున్నాను. అటూ ఇటూ సీట్లలో మాటలు ఆగిపోయాయి.

"మరి చప్పుడు?" అన్నాడు.

"చేసుకో. పగలు చెయ్యి, తలుపులు వేసుకుని చెయ్యి, కింద రబ్బరు పరుచుకుని చెయ్యి. కిందివాళ్ళతో నేను మాట్లాడతాను. అప్పటికీ ఫిర్యాదు చేస్తే చేయనీ, ఫోన్ ఎత్తేది నేనే కదా."

నవ్వాడు. నవ్వుతూ మధ్యలో ముక్కు ఎగబీల్చాడు. డ్రైవరు గారు పక్కనుంచి "ఏమంది? ఏమంది?" అని, బహుశా పనిచేయని చెవి వైపు నుంచి, అడుగుతూనే ఉన్నారు.

మేడం నా కుర్చీ వెనక నిలబడి ఉంది. ఎవరని పెదవులతో అడిగింది. "మా ఆయన మేడం" అన్నాను. మైకు మీద చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు. ఆవిడ నా వైపు, తెర మీద ఆ అడ్రస్ వైపు, మళ్ళీ నా వైపు చూసింది. అన్నీ అర్థమైనట్టున్నాయి. తర్వాత రమ్మని సైగ చేసింది గానీ ఇప్పుడు పెట్టేయమని మాత్రం అనలేదు.

"ఉండు" అన్నాడు తను. "వ్యానతను అడుగుతున్నాడు, ఎక్కడికి పోవాలని. షెడ్డు అడ్రసే ఇచ్చాను ఇంతకు ముందు. స్పీకర్ పెడుతున్నాను, నువ్వే చెప్పు."

చెప్పాను. వీధి, సందు, ఇంటి నంబరు, ఎన్నో అంతస్తు. సందు మొదట్లో మలుపు ఇరుకని, లిఫ్టు చిన్నది కాబట్టి పెద్ద బూరలు చేత్తో తేవాలని, తాళంచెవి ఒకటి ఎదురింట్లో ఉంటుందని, అన్నీ చెప్పాను. వ్యానతను "అర్థమైంది మేడం" అన్నాడు.

"నాకు సరిగ్గా వినపడలేదు" అన్నాడు తను. "మళ్ళీ చెప్పు."

మళ్ళీ మొదట్నుంచి చెప్పాను.